కరిగేదాకా మాట్లాడొద్దు

ఆ శనివారం ఎలాగైనా డాక్టర్ ప్రేమానందం తన మాట వినేలా చేయాలని ప్రసన్నకుమారి పొద్దున్నే గట్టిగా అనుకుంది. ఆమె మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. మునగాకు, ఉసిరికాయల సారంతో చేసి, నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయే పలుచని ఆకుపచ్చ పొరలు ఆమె కంపెనీ కొత్త సరుకు. చంద్రగిరిలో ఆయన రాస్తేనే ఏ మందైనా అమ్ముడుపోతుంది. ఆయనకేమో రిప్రజెంటేటివ్‌లంటే ఒళ్లుమంట. ఈ నెల కూడా ఆర్డరు రాకపోతే శ్రీహరికోట వైపు మార్చేస్తానని మేనేజరు చెప్పేశాడు. ఇల్లు వదిలి అంత దూరం పోవడానికి ఆమె మనసు ససేమిరా అంటోంది.

బయలుదేరబోతుంటే అత్తగారు చంద్రకాంతమ్మ గోడ పట్టుకుని నిలబడింది. శనివారం ఒక్కపొద్దు, కళ్లు తిరుగుతున్నాయి.

"ఇది నాలిక మీద పెట్టుకో అత్తా. నమిలేది లేదు, మింగేది లేదు. కరిగేదాకా మాట్లాడొద్దు, అంతే," అని ఒక పెట్టె చేతిలో పెట్టి కోడలు వెళ్లిపోయింది.

పుల్లపుల్లగా, అల్లం ఘాటుతో ఉన్న ఆ పొర అత్తగారికి తెగ నచ్చింది. ఒకటి కరగ్గానే ఇంకొకటి. తొమ్మిదోది నోట్లో ఉండగా కొడుకు నరేంద్ర వచ్చాడు.

"మా, స్కూటర్ తాళాలు యాడ పెట్టినావు?"

ఆమె అటక వైపు చేయి చూపించింది.

"ఏమైంది మా? మాట్లాడు!"

ఆగమన్నట్టు వేలెత్తింది. నరేంద్ర హడలిపోయి పక్కింటి వహీదున్నీసాను కేకేశాడు. ఆమె వచ్చి బలవంతాన నోరు తెరిపించి చూసింది.

"యా అల్లా! నాలిక పచ్చగా అయిపోయిండాది! ఏదో పురుగు కరిసింది నరేంద్రా, బిరీన డాక్టర్ను పిల్సకరా!"

ఆ అరుపుకి సగం వీధి లోపలికొచ్చింది. ఒకరు వేపాకు తెచ్చారు, ఇంకొకరు దిష్టి తీశారు. ఆ గోల మధ్యే చంద్రకాంతమ్మ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూనే ఉంది.

ప్రేమానందం ఆస్పత్రిలో పిలుపు కోసం బెంచీ చివర కూర్చున్న ప్రసన్నకుమారికి మొగుడి గొంతు వినిపించింది.

"సార్, మాయమ్మకు నోరు పడిపోయింది!"

డాక్టరు ఆ క్షణమే స్కూటరెక్కాడు. ఆమె ఆర్డరూ గీర్డరూ మరిచిపోయి ఆటోలో వెంటపడింది.

ఇంట్లో డాక్టరు నాడి చూశాడు, కళ్లు చూశాడు. చంద్రకాంతమ్మ ఆయనకూ వేలే చూపించింది. పెట్టెలోని ఆఖరి పొర కాస్తా కరిగాక నోరు విప్పింది.

"ఏమిరా ఈ జనం? కరిగేదాకా మాట్లాడొద్దని నా కోడలు చెప్పింది. నేను మాట్లాడలేదు. దానికింత రచ్చా?"

ప్రసన్నకుమారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్తను వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది. డాక్టరు మాత్రం ఖాళీ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది నోట్లో ఉంటే మాట్లాడకూడదా?"

"కూడదు సార్. అంగిలికి అతుక్కుంటాది."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు సార్."

ఆయన నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

"మా ఆస్పత్రి మందుల షాపుకు యాభై పెట్టెలు పంపించమ్మా. సోమవారం నుంచి రిప్రజెంటేటివ్‌లందరికీ టైమిస్తాను. అందరికీ చెప్పు."

ఆమె సంబరం పట్టలేక చిత్తూరు దాకా ఫోన్లు చేసి చెప్పింది. సోమవారం బెంచీలు నిండిపోయాయి. కాంపౌండరు ఒక్కొక్కరినీ గుమ్మం దగ్గర ఆపి, నాలుక మీద ఒక పొర పెట్టి లోపలికి పంపాడు. అందరికంటే ముందు ప్రసన్నకుమారిని పంపాడు.

డాక్టరు గారు ఒక్కొక్కరికి ఇచ్చిన టైము సరిగ్గా రెండు నిమిషాలు.