గెజిటెడ్ కినోవా

ఈ విద్యా సంవత్సరం నుంచి మా కాలనీ పాఠశాలలో మధ్యాహ్నం ఆకలి వేయాలంటే గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. పిల్లల మేలు కోరి తీసుకున్న నిర్ణయం కనుక దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పదలచిన వారికోసం ఒక దరఖాస్తు నమూనా ఉంది. దాని మీద కూడా గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి.

చంద్రపూర్ గురించి తెలిసిన పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించదు. మాది మహారాష్ట్రలో బొగ్గు గనుల పక్కనున్న ఉద్యోగుల కాలనీ. పుట్టినవాడు పుట్టాడనీ, పోయినవాడు పోయాడనీ నకళ్లు జతచేసి నిరూపించుకోవడం మాకు అన్నప్రాశన నాటి నుంచీ అలవాటు. ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని, నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్న కుర్రవాడి చేతనే రాయించుకుని పింఛను అందుకుంటాను. అతడు ప్రతిసారీ నన్ను ఎగాదిగా చూసి, కొంత సందేహం మిగుల్చుకునే సంతకం చేస్తాడు.

కథ జూలైలో మొదలైంది. నాగపూర్ నుంచి ఒక ఆహార నిపుణురాలు వచ్చి, పిల్లల డబ్బాల గురించి రెండు గంటలు ఉపన్యసించింది. కినోవా అనే ధాన్యం సముద్రాలకు ఆవల, కొండల మీద, మనకు పరిచయం లేని మనుషులు పండిస్తారని చెప్పినప్పుడు సభ దానిలోని పోషక విలువలను వెంటనే గ్రహించింది. చివరి వరుసలో ఎవరో జొన్నల మాట ఎత్తారు. జొన్నలు రాజురా దారిలో బస్సు కిటికీలోంచి కనిపిస్తాయి. బస్సు కిటికీలోంచి కనిపించేదాన్ని ఆరోగ్యకరమనడం శాస్త్రీయం కాదని సభ నవ్వి ఊరుకుంది.

మరుసటి వారమే బాల ఆహార ఆరోగ్య పర్యవేక్షక సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు శ్రీమతి జ్యోతిలక్ష్మి. ఆమె భర్త ప్రమోద్ గారు కాలనీలో పెద్ద ఇంజనీరు, గెజిటెడ్ హోదా గలవారు. సంఘంలో మరో ముగ్గురు అధికారుల భార్యలు సభ్యులు. పాఠశాలలో ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి విరమించినందుకు నన్ను గౌరవ సభ్యురాలిగా చేర్చారు. గౌరవ సభ్యులకు టీ ఉంటుంది, ఓటు ఉండదు.

సంఘం వెలువరించిన సర్క్యులర్‌ను నిష్పక్షపాతంగా మెచ్చుకోవలసిందే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రతి డబ్బాలో కినోవా టిక్కీలు ఉండాలి. విధానం అనుబంధంలో ఉంది: కినోవాను చేదు పోయేదాకా కడిగి, ఉడికించి, తడి లేకుండా ఆరబెట్టాలి. ఉడికిన బంగాళాదుంప, తురిమిన క్యారెట్, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, జీలకర్ర, చిటికెడు పసుపు, పిడికెడు శనగపిండి కలిపి, బిళ్లలుగా ఒత్తి, పెనం మీద నాలుగు చుక్కల నూనెతో రెండు వైపులా కాల్చాలి. ఇంతవరకు ఏ తల్లి అయినా చేయగలదు. ఆ తరువాతి వాక్యం మా కాలనీకే సాధ్యం. డబ్బాలో ఉన్నది కినోవాయేనని పోషకులు ఒక కార్డు మీద రాసి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసి, ముద్ర వేయించి, డబ్బాకు కట్టి పంపాలి. కార్డు లేని పిల్లలు భోజనశాలలోకి రాకుండా బయట మెట్ల మీద కూర్చుని తినవచ్చు. 'తినవచ్చు' అన్న పదంలోని ఔదార్యాన్ని పాఠకులు గమనించాలి.

ఆ మెట్ల మీద గాలి మళ్లినప్పుడల్లా బొగ్గు నుసి రాలుతుంది. నిషిద్ధ పదార్థాల పట్టికలో చిప్స్, నూడుల్స్, జొన్నరొట్టె ఉన్నాయి. నుసి లేదు. కనుక నుసి తినడంలో నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదు.

సంఘంలోని నలుగురు మహిళల ఇళ్లలోనూ టిక్కీలు చేసేది ఒక్కతే మనిషి, సత్తమ్మ. భర్త మల్లేశం గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. కూతురు స్వప్న కూడా జ్వరంతో పోయాక, మనుమరాలు జయను ఆమే పెంచుతోంది. పేద పిల్లలకు చట్టం కేటాయించిన సీటులో జయ మా బడిలో మూడో తరగతి చదువుతోంది. సర్క్యులర్ రాకముందు జయ డబ్బాలో జొన్నరొట్టె, పప్పు ఉండేవి. వచ్చాక టిక్కీలే ఉంటున్నాయి. ఎందుకంటే ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పెనం మీది మొదటి బిళ్ల సరిగా కుదరదు, విరుగుతుంది. దాన్ని వంటమనిషికి ఇచ్చేస్తారు. నాలుగిళ్లకు నాలుగు విరిగిన బిళ్లలు. ఒకే చేయి, అవే పెనాలు, అదే కినోవా. తేడా ఒక్కటే, జయ కార్డు మీద ముద్ర లేదు, సత్తమ్మ వేలిముద్ర మాత్రమే ఉంది.

జయను మెట్ల మీదికి పంపారు. ఆ పిల్ల డబ్బా మూతను రెండు వేళ్లు పట్టేంత మాత్రమే తెరిచి, లోపల నుసి పడకుండా తినడం ఒక్కరోజులో నేర్చుకుంది. క్రమశిక్షణకు ఇదొక మంచి ఉదాహరణ అని ఉపాధ్యాయులు మెచ్చుకున్నారు.

సత్తమ్మ మరుసటి ఉదయం జ్యోతిలక్ష్మి వంటింట్లోనే మాట కదిపింది. సర్క్యులర్ ప్రతులు తీసుకోవడానికి వెళ్లి నేను ముందు గదిలో కూర్చుని ఉన్నాను.

"మేడం, గవ్వి మీ ఇంట్ల పెనం మీదివే గదా. మొదటి బిళ్ల నువ్వు తీస్కపో అన్నది మీరే గదా."

"మా ఇంట్ల ఉన్నంతసేపు కినోవానే సత్తమ్మా. గేటు దాటినంక నేనెట్ల జిమ్మేదారీ తీసుకుంట?"

"అయితే సార్‌తోని ఒక్క సహీ, ఒక్క శిక్కా ముద్ర ఏయించుండ్రి. బిడ్డ ఎండల కూసుంటది."

ప్రమోద్ గారు అప్పుడు భోజనాల బల్ల దగ్గర టీ తాగుతూ, తమ అబ్బాయి కోసం నెలకు సరిపడా ఖాళీ కార్డుల మీద వరుసగా సంతకాలు చేస్తున్నారు. చేయి ఆపకుండానే జవాబిచ్చారు.

"చూడు సత్తమ్మా, రూల్ అంటే రూలే. నేను కండ్లార చూడనిదానికి సంతకం ఎట్ల పెడత?"

"చూడనీకే రమ్మంటున్న సార్. వంటిల్లు ఇగో, నాలుగడుగులే."

"నేను వంటింట్లకు రాను," అన్నారు ప్రమోద్ గారు గంభీరంగా. గృహప్రవేశం నాడు పాలు పొంగినప్పుడు తప్ప ఆయన అందులో అడుగు పెట్టలేదని జ్యోతిలక్ష్మి గర్వంగా ధ్రువీకరించింది. "కనీసం కినోవా ప్యాకెట్ కవరన్న తే. నీ పేరున కొన్నది ఉండాలె. అప్పుడు చూద్దాం."

సత్తమ్మ టీ గ్లాసు కడిగి బోర్లించింది. "మంచిది సార్, కవరే తెస్త," అంది.

ఇలా రెండు వారాలు గడిచాయి. ఈలోగా పుణె నుంచి ఒక తనిఖీ అధికారి వస్తున్నాడనీ, మా టిక్కీలను రాష్ట్రానికే ఆదర్శంగా ప్రకటించే అవకాశం ఉందనీ తెలిసింది. కాలనీ అంతా దుకాణాల మీద పడి కినోవా కొనేసింది. తనిఖీ ముందురోజు సాయంత్రానికి ఊళ్లో ఒక్క ప్యాకెట్ కూడా మిగలలేదు; సంఘం నాలుగిళ్లలోనూ నిల్వ అప్పటికే నిండుకుంది. చివరి ప్యాకెట్‌ను ఎవరో పాత చీర కట్టుకున్న మనిషి పట్టుకుపోయిందని దుకాణదారు బాపయ్య జ్యోతిలక్ష్మికి ఫోనులో విన్నవించాడు.

తెల్లవారి, ఆ పాత చీర జ్యోతిలక్ష్మి వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతిలో శుభ్రంగా మడిచిన కవరు.

"ఇగో మేడం, కవరు. నా పైసల్తోని కొన్న. సార్‌ను శిక్కా ఏయమనుండ్రి."

"అయ్యో, నువ్వేనా! లోపలిది ఏది? జల్దీ ఇయ్యి!"

"వండేసిన మేడం. పొద్దుగాలనే మా ఇంట్ల వండి బిడ్డ డబ్బాల పెట్టిన."

జ్యోతిలక్ష్మి అధ్యక్షురాలికి తగిన స్థైర్యంతో వెనుక వసారాలోని డబ్బా తెరిచింది. అందులో పిచ్చుకలకు వేసే జొన్నరవ్వ ఉంది.

"పసుపు జర ఎక్కువెయ్యి. ఎవ్వలు గుర్తుపడతరు? నేను ఆ మూడిళ్లకూ ఫోన్ చేస్త."

"గిది జొన్న గద మేడం. మా బిడ్డ తెస్తే వద్దన్నరు గద."

"అది రొట్టె. ఇది టిక్కీ. నువ్వు పెనం సంగతి చూడు." ప్రమోద్ గారికి ఆ ఉదయం తీరిక లేదు. కవరు సంగతి సోమవారం చూద్దామన్నారు. అయితే నాలుగిళ్ల డబ్బాలకూ 'కినోవా అని స్వయంగా పరిశీలించి ధ్రువీకరించడమైనది' అన్న కార్డులు మాత్రం యథావిధిగా ముద్రలతో వేలాడాయి. అవి నెల మొదట్లోనే సిద్ధమై ఉన్నాయి కదా.

భోజనశాలలో నాలుగు వెండి పళ్లేలు అమర్చి, టిక్కీలు అందరికీ పంచారు. తనిఖీ అధికారి ఒక టిక్కీ తిన్నాడు, కళ్లు మూసుకున్నాడు, మరొకటి తిన్నాడు. లేచి ఇలా ప్రసంగించాడు: "నేను పెద్ద పెద్ద హోటళ్లలో కినోవా తిన్నాను. అక్కడ ఏదో లోపించినట్లు ఉండేది. అసలైన కినోవా రుచి ఏమిటో ఈ రోజు చంద్రపూర్ నాకు నేర్పింది. ఈ రుచి మన మట్టిలో దొరకదు! విదేశీ ధాన్యాన్ని ఇంత నమ్మకంగా వండిన ఈ తల్లులకు నా వందనం!" సభ చప్పట్లతో మారుమోగింది. నలుగురు తల్లులూ వినయంగా తల వంచారు. సత్తమ్మ ఖాళీ పళ్లేలు తీస్తోంది.

బయటికి వెళ్తూ ఆయన మెట్ల మీద జయను చూశాడు. దయగలవాడు కావడంతో వంగి పలకరించాడు. పిల్ల మరాఠీలోనే జవాబు చెప్పింది. నేను తెలుగులో రాస్తున్నాను.

"నీ డబ్బాలో ఏముందమ్మా?"

"కినోవా సార్. మా అమ్మమ్మ చేసింది."

"భేష్! మరి లోపలికి రాలేదేం?"

"నా కార్డుకు శిక్కా లేదు సార్. లోపలివాటికి ఉంది. కానీ అవి జొన్నలు. అవి కూడా మా అమ్మమ్మే చేసింది."

ఆయన ఆ డబ్బాలోంచి ఒకటి తీసుకుని నమిలాడు. ముఖం కొంచెం చిట్లించాడు. నోట్లోని రుచిని నమ్మాలో, చెవుల్లో ఇంకా మిగిలిన చప్పట్లను నమ్మాలో తేల్చుకోవడానికి క్షణం పట్టింది. "ఇందులో ఏదో లోపించింది," అని కారెక్కాడు.

సాగనంపడానికి వెంట వచ్చి అంతా విన్న సంఘం సాయంత్రం అత్యవసరంగా సమావేశమైంది. చర్చ హుందాగా సాగింది. ధ్రువీకరించిన పత్రం తప్పు కావడానికి వీలు లేదు. పత్రం తప్పు కానప్పుడు పళ్లెంలో ఉన్నది కినోవాయే. పళ్లెంలో ఉన్నది కినోవా అయినప్పుడు పిల్ల అబద్ధం చెప్పినట్లు. ఈ మూడు మెట్లూ ఎక్కడానికి సంఘానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. జయ "నేను పొరబడ్డాను" అని ఒక్క వాక్యం రాసిస్తే ప్రమోద్ గారు స్వయంగా ముద్ర వేస్తారనీ, సోమవారం నుంచే ఆమెను లోపల కూర్చోబెడతామనీ తీర్మానించారు. మాట చేరవేయడానికి సత్తమ్మను పిలిపించారు.

"ఒక్క లైనే సత్తమ్మా," అంది జ్యోతిలక్ష్మి బుజ్జగిస్తూ. "బిడ్డ నీడకు కూసుంటది. నువ్వే ఆలోచించు."

సత్తమ్మ తలుపు దగ్గరే నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు.

"ఎండల కూసున్నా బిడ్డకు కడుపు నిండింది మేడం. అబద్ధం రాసి నీడకు కూసుంటే ఏం నిండుతది? మూడో తరగతికే నేర్పుతరా గిది?" అంది. నా వైపు ఒకసారి చూసింది. "పెద్ద టీచరమ్మ కూసున్నది గదా, ఆమెనే అడుగుండ్రి. ఆమె గూడ తిన్నది." తరువాత కొంగు ముడి విప్పి నాలుగిళ్ల వంటింటి తాళాలు బల్ల మీద పెట్టింది. "రేపటి సంది మీ బిళ్లలు మీరే కాల్చుకోండ్రి. మొదటిది ఇరుగుతది, యాదుంచుకోండ్రి."

సోమవారం నుంచి ఆ నాలుగు డబ్బాల్లో దుకాణం రొట్టె, జామ్ వస్తున్నాయి. కార్డుల మీద కినోవా అని ఉంది, ముద్ర ఉంది, కనుక అవి కినోవాయే. పాఠశాలకు ఆదర్శ ఆహార పురస్కారం వచ్చింది. అది భోజనశాల గోడకు వేలాడుతోంది. జయ మెట్ల మీదనే తింటోంది. డబ్బాలో మళ్లీ జొన్నరొట్టె. మూత రెండు వేళ్ల మందమే తెరుచుకుంటుంది.

ఆ రోజు భోజనశాలలో యాభై ముగ్గురం ఉన్నాం. జొన్న వాసన తెలియని ముక్కు మా ప్రాంతంలో ఒక్కటీ లేదు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. మొదటి కొరుకులోనే నాకు తెలిసింది. రుచిగా ఉండడంతో రెండోది కూడా తీసుకున్నాను. సత్తమ్మ నా వైపు చూసినప్పుడు, గౌరవ సభ్యులకు ఓటు లేదన్న నిబంధన నాకు సమయానికి గుర్తుకు వచ్చింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు నిజం చెప్పమని బోధించిన అనుభవం అటువంటి వేళల్లో ఎంతో ఉపయోగపడుతుంది.

మీరు అక్కడ ఉండి ఉంటే తప్పక లేచి నిలబడేవారు. అందులో నాకు సందేహం లేదు. ఆ మాటను ధ్రువీకరించి ముద్ర వేసే అధికారి దొరికితే చెప్పండి.