అరువు మనవడు

అంగన్‌వాడీ టీచరమ్మ ఇంటింటికీ వచ్చి పిల్లల్ని తూకం వేస్తుందని తెలిసిన ఆ పొద్దున బయమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, మనవణ్ణి దాచేయడం. కిరణ్‌కు ఇంకా ఏడాది నిండలేదు గానీ, బుగ్గలు మాత్రం రెండిళ్లకు సరిపడా ఉన్నాయి. కోడలు జ్యోతి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టడానికి పోతే, ఉగ్గు పోసి సాకుతున్నది బయమ్మే. ఎన్ని మొక్కులకో పుట్టినవాణ్ణి కాటాకు వేలాడదీసి, నలుగురిలో ఇన్ని కిలోలని చదివితే దిష్టి తగలదా?

పొరుగింటి నల్లమ్మ మనవడు తేజదీ అదే వయసు. వాడి ఒళ్లంతా కలిపినా కిరణ్ తొడంత లేదు. బయమ్మ వాణ్ణి అరువడిగింది.

"ఒక్క గంట ఇయ్యే నల్లమ్మా. కొత్త టీచరమ్మకు ఎవరి పిల్లోడు ఎవరో యాడ తెలుస్తాది?"

నల్లమ్మకూ ఇదే మేలనిపించింది. బక్కపిల్లాణ్ణి చూసి తిట్టే తిట్లేవో బయమ్మకే తగులుతాయి.

బయమ్మ మొగుడు ఎర్రన్న కిరణ్‌ను ఎత్తుకుని పెరట్లో వేరుశనగ కట్టె వామి వెనక నక్కాడు. టీచరమ్మ హేమావతి వచ్చి తేజను తూకం వేసింది, జబ్బ కొలిచింది. ఆమె ముఖం మాడిపోయింది.

"ఏమమ్మా, పిల్లోడు ఇంత బక్కగా ఉంటే ఇంట్లో పెట్టుకోని కూచోనుండావా? ఈ పొద్దే అనంతపురం ఆస్పత్రికి పోవల్ల. పక్కిల్లు చూసుకోనొస్తా, బట్టలు సర్దుకో."

బయమ్మ తలూపి, సంచీ వెతుకుతున్నట్టు లోపలికి తప్పుకుంది.

పక్కిల్లంటే నల్లమ్మ ఇల్లే. చూపించడానికి తన దగ్గర పిల్లాడే లేడని ఆమెకు అప్పుడు తట్టింది! లేడంటే గుడ్లూ పాలూ ఆపేస్తారని ఆమె భయం. పరుగున బయమ్మ పెరట్లోకి వచ్చింది.

"బావా, పిల్లోణ్ణి ఇట్లియ్యి. అక్క ఇమ్మనింది."

బీడీకి నాలుక పీకుతున్న ఎర్రన్న అడగకపోయినా ఇచ్చేసేవాడే.

బయమ్మ తేజను చంకనేసుకుని వచ్చేసరికి మొగుడు హాయిగా పొగ వదులుతున్నాడు.

"పిల్లోడు యాడ?"

"నువ్వే ఇమ్మంటివంట గదా! నల్లమ్మ ఎత్తుకపోయింది."

బయమ్మ లబోదిబోమని పరిగెత్తింది. అక్కడ వీధి ఆడవాళ్లందరి ముందూ కిరణ్ కాటా జోలెలో ఊగుతున్నాడు. హేమావతి ఫొటో తీస్తూ మురిసిపోతోంది.

"సాకితే నల్లమ్మ మాదిరి సాకల్ల! ఈ ఫొటో మండలమంతా చూపిస్తా."

దిష్టి ఎలాగూ తగిలింది, పేరు కూడా పోతుంటే బయమ్మ తట్టుకోలేకపోయింది.

"థూ, వాడు నా మనవడు! ఉగ్గు పోసింది నేను, పేరు దీనికా?"

"మరి నీ సంకలో ఉండేదెవరు?" అంది హేమావతి.

వీధి గొల్లుమంది. నల్లమ్మ మాత్రం నవ్వలేదు. తేజను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"నా మనవడే టీచరమ్మా. జరమొచ్చినప్పట్నుంచీ ఏమీ తినడు. తిండి పెట్టలేదంటారని ఏ డాక్టరుకూ చూపించలా."

ఆ మాటతో బయమ్మ కోపం చప్పున చల్లారింది. పాపం, ఇంత దిగులు పక్కింట్లోనే ఉన్నా తను కనిపెట్టలేదు. ఆటో పిలిచింది తనే. కిరణ్ దుప్పటి తెచ్చి తేజకు కప్పింది.

ఆస్పత్రి వైద్యం, ఆ తర్వాత హేమావతి ఇంటికొచ్చి దగ్గరుండి తినిపించిన గుడ్లు తేజకు బాగా ఒంటబట్టాయి. ఈలోపు కిరణ్‌కు నడక వచ్చింది. పొద్దస్తమానం కోళ్ల వెంటపడి బుగ్గలు కరగదీసుకున్నాడు.

మళ్లీ తూకం రోజు వచ్చింది. తెల్లారకముందే నల్లమ్మ బయమ్మ వాకిట్లో నిలబడింది.

"అక్కా, మావోడికి దిష్టి తగుల్తాది. ఒక్క గంట మీ బక్కోణ్ణి ఇయ్యవా?"