రోస్విథా కారు తలుపుపై సున్నపు మచ్చల సంహారము

వినుడు, కెటిల్ అడుగున సున్నము గీకి గీకి గోళ్లరిగిన జనులారా! సున్నపురాతి కొండల కడుపున పుట్టి, కుళాయి కొసన కఠినాతికఠినమై వెలువడు జలమునకు నెలవైన జర్మనీ దేశపు స్వాబియా సీమయందు, మండువేసవి శనివారమున, వీధి ఊడ్చు వంతు గలవారు ఊడ్చి, లేనివారు ఆ ఊడ్పునకు వంకలు పెట్టుచున్న శుభవేళ, విశ్రాంత పోస్టుమాస్టరును, టమాటావనపాలకుడును, భార్యాభయభూషణుడును అగు ఓట్మార్ బుర్క్‌లే తన సతీమణి కారు తలుపునెదుట మోకరిల్లి వణకుచుండెను.

ఏల వణకెను? ఆ ప్లాస్టిక్ ఒంటి బుల్లి కారు చోదకపీఠము ఎక్కు భాగ్యము ఆతనికి ఏనాడును లేదు. ఊటనీటి చికిత్సకు పోవుచు రోస్విథా ఇట్లు పలికియుండెను: "కారు ఎట్లా వదిలానో అట్లా ఉంటే, వచ్చాక తాళం నీ చేతికిస్తా. మచ్చ పడిందా, మళ్లీ జన్మలో అడగొద్దు."

పిమ్మట టమాటాలకై పెట్టిన స్ప్రింక్లర్ దినదినమును ఆ తలుపును అభిషేకించెను. ఎండ ఆ బిందువులను మాడ్చెను. పైపూతలోనికి తెల్లని వలయములు కొరుక్కొని దిగెను. రోస్విథా మూడుగంటల రైలు దిగనున్నది.

ఆతడు తొలుత ఆ సీమలో పుట్టినవాడెవడైనను చేయు పనియే చేసెను, వంటింటి వెనిగరు సీసా దూసెను. పైనున్న సున్నము కరగెను గాని, దొంగ పోయినా కన్నము మిగిలినట్లు పూతలో వలయములుగా గుంటలు మిగిలెను.

అంతట ఓట్మార్ మెరుగుపెట్టు విద్యుద్యంత్రమును గదవలె ఎత్తి గర్జించెను. "ఓరీ సున్నపుసంతానమా! మా తాతగారి పైపులను పూడ్చితిరి, మా అమ్మగారి కాఫీ యంత్రమును కూల్చితిరి! వంశవైరము నేటితో తీరుగాక!"

ఘుర్రుమనెను యంత్రము. మరుక్షణమే మేడమీద, పూలకుండీల నడుమ, మధ్యాహ్నవిశ్రాంతి పరిరక్షణదీక్షాబద్ధురాలగు పొరుగింటి క్నోడ్లరమ్మ సాక్షాత్కరించెను.

"బుర్క్‌లే గారూ! ఒంటిగంట దాటింది. మూడు దాకా మోత చెయ్యకూడదని మీకు నేను చెప్పాలా?"

"రెండే రెండు నిమిషాలండీ! రోస్విథా వచ్చేస్తోంది!"

"రానివ్వండి. ఆ స్ప్రింక్లర్ సంగతి మొదటిరోజు నుంచీ చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ ఉన్నారా? మరి చెప్పొచ్చు కదండీ!"

"మీ ఇంటి విషయాల్లో నేనెందుకు తలదూరుస్తానండీ?"

ఓట్మార్ యంత్రము ఆపి, ఉస్సురని తలుపుపై అరచేయి ఆనించి అదరిపడెను. అది అప్పుడే కాల్చిన రొట్టెవలె వేడెక్కియుండెను! రేకైనచో వేడిని పంచుకొనును. ప్లాస్టిక్ కడుపులోనే దాచుకొనును. ఇంకొంత తిప్పియుండిన పూత పొక్కిపోయెడిది. పొరుగింటి చాదస్తమే ఆతనిని కాచినది.

చల్లారిన పిదప, మెత్తని గుడ్డపై శనగగింజంత మెరుగుముద్ద అద్ది, ఒక్కొక్క వలయమును చేతితోనే మెల్లమెల్లగా రుద్దసాగెను. మోచేయి మొరపెట్టెను, భుజము విలపించెను. పైనుండి సారథ్యము నడచుచునే యుండెను. "కింద ఒకటి మిగిలిపోయింది. అయ్యో, అటు కాదండీ!"

కడపటి వలయము మాయమగునంతలో వీధిలో పెట్టె చక్రములు గలగలలాడెను. రోస్విథా వచ్చి, తలుపు చూచి, కారును ముందునుండి వెనుకవరకు పరికించి, నడుముపై చేయి వేసెను.

"ఈ తలుపొక్కటే ఇట్లా మెరుస్తోందేం? మిగతా కారంతా ఇంత మురికిగా ఉందేం?"

ఓట్మార్ మేడవంక చూచెను. ఆతని ప్రాణములిపుడు మేడమీది నాలుకపై ఉన్నవి.

"మధ్యాహ్నమంతా చేత్తోనే రుద్దారమ్మా," అనెను క్నోడ్లరమ్మ. స్ప్రింక్లర్ ఊసెత్తలేదు. ఆ క్షణమున ఓట్మార్‌కు ఆమెపై కలిగిన ప్రేమ ఇంతంత కాదు.

రోస్విథా సంచిలో వెదకెను. "అవతలి తలుపు గోడకానుకొని ఉంది. దాన్నీ ఇట్లాగే రుద్దాలంటే కారు జరపాలి. ఇంద, తాళం. రెండు బారలే, అర్థమైందా?"

ఆహా! ఆ మహావీరుడు పీఠమధిష్ఠించి, బెల్టు బిగించి, అద్దములు మూడును సవరించి, ఆనందబాష్పములతో కారును ముందునకు నడపెను. రెండు బారలు! రెండవ గేరు వేయుటకు దారి చాలలేదు. అయినను జయము జయమే.