బ్రేకు తొక్కితేనే పాట

దర్జీగారి భార్య ఇక తిరిగి రాదట. ఈ సంగతి ఎదురింటావిడ పాలవాడి చెవిన వేస్తే, వాడు పాలతోపాటు తెచ్చి దర్జీగారి గుమ్మంలోనే పోశాడు.

"ఎందుకు రాదయ్యా! ఇవాళే వస్తోంది, పదింటి బస్సుకి" అన్నాడు దర్జీ, ఎదురింటికి వినబడేలా. అందులోని మెలిక మాత్రం చెప్పలేదు. "దిగేసరికి మీరుంటే ఇంటికొస్తా. లేకపోతే అదే బస్సులో మళ్లీ అక్క దగ్గరికి" అని ఆవిడ ఫోనులో తేల్చేసింది. మూడు నెలల కిందట వెళ్లిపోయిన రోజున కూడా పెద్ద గొడవేం జరగలేదు. "నేను మాట్లాడుతుంటే ఒక్కసారైనా ఆ మిషను ఆపారా?" అని అడిగింది. ఆయన మిషను తొక్కుతూనే "ఏంటీ?" అన్నాడు. అంతే.

ఇప్పుడు మిషను ఆపినా ఇంట్లో వినడానికేమీ లేదు. వెతగ్గా వెతగ్గా పాత ఫోనులో, ఎప్పుడో వంట చేస్తూ ఆవిడ పాడుకున్న పాట దొరికింది. ఆవిడ కారెక్కగానే అది వినిపించాలని కొత్త స్టీరియో కొని, కారులో తనే బిగించడానికి కూర్చున్నాడు.

"బాబాయ్, రంగుల్ని నమ్ముకోకు. బల్బు పెట్టి ఏ వైరులో ఎప్పుడు కరెంటొస్తుందో చూసుకో" అన్నాడు పక్కింటి ఎలక్ట్రీషియను.

"నలభై ఏళ్లుగా రంగుకి రంగు కలుపుతున్నాను. నాకు నేర్పుతావట్రా?" అంటూ దర్జీ ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు, అతుకు కనబడకుండా కలిపేశాడు. బ్రేకు మీద కాలు పెట్టి తాళం తిప్పాడు. పాట వచ్చింది. కాలు తియ్యకుండా, కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు.

బస్టాండుకి బయల్దేరుతూ బ్రేకు వదిలాడు. పాట ఆగింది. తొక్కాడు. వచ్చింది. కారులోని ఆ ఎర్ర వైరు బ్రేకు లైటుదని అప్పుడు తెలిసొచ్చింది. విప్పి సరిచేసే వ్యవధి లేదు. పోనీ వినకుండా పోదామంటే మనసు ఒప్పుకోలేదు. పది గజాలకోసారి ఆగి, తెగినచోటే అతికించుకుంటూ విన్నాడు. వెనకాల హారన్లు, తిట్లు. డాబా మీద బట్టలారేస్తున్న ఎదురింటావిడ అక్కణ్ణుంచే ఫోను కలిపింది. "వదినా, అన్నయ్యగారికి రావడం ఇష్టం లేనట్టుంది. అడుగడుక్కీ ఆగిపోతున్నారు!"

కూడలిలో పోలీసు చెయ్యెత్తాడు. "ఏం పెద్దాయనా, పొద్దున్నే ఎంత పట్టించారు?"

"తాగలేదు బాబూ. బ్రేకు తొక్కితే మా ఆవిడ పాడుతుంది."

పోలీసు ఖాళీ సీటు వంక చూశాడు. "ఊదండి" అన్నాడు. ఒకసారి చాలక మూడుసార్లు ఊదించాడు.

బస్టాండు చేరేసరికి పదిన్నర. బస్సు వెళ్లిపోయింది. కానీ ఆవిడ పెట్టె మీద కూర్చునే ఉంది.

"వెళ్లిపోదామనే అనుకున్నా. ఎదురింటావిడ ఫోను చేసింది. ఇష్టంలేని మనిషి ఇంట్లో కూర్చోక, ఆగుతూ ఆగుతూ ఎందుకొస్తున్నట్టో అడిగే వెళ్దామని ఉన్నా."

"ఎక్కు, చెబుతా" అంటూ ఆయన కారు తలుపు తీశాడు. పెట్టె ఎక్కించి కారు కదిలించాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. పాట వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడి, తన గొంతు తనే విన్నది. కారు కదిలింది, పాట ఆగింది. మళ్లీ బ్రేకు, మళ్లీ పాట. ఆవిడ ఒకసారి స్టీరియోని, ఒకసారి ఆయన కాలిని చూసింది.

"వైర్లు తప్పు కలిపాను. రేపే సరిచేయిస్తాలే" అన్నాడాయన నసుగుతూ.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. ఇన్నేళ్లకి నా గొంతు కోసం ఆగడం నేర్చుకున్నారు."