పై పోర్షన్‌లో జడ్జిగారు

ఆ రోజు లలిత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేసి, నల్లకోటు తొడుక్కుని, పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని, కొత్త ప్రాజెక్టు మేనేజరు అడిగినవాటికి బుద్ధిగా జవాబులు చెప్పాలి. కెమెరాలో నడుము పైభాగమే కనిపిస్తుంది కాబట్టి కింద గళ్ళ లుంగీ చాలనుకున్నాడు. పాత ప్రాజెక్టు అయిపోయాక రెండు నెలలుగా అతనికి పనిలేదు. ఈ ఇంటర్వ్యూ కూడా తప్పితే ఉద్యోగానికే ఎసరని హెచ్ఆర్ వాళ్ళు ఎంతో తియ్యగా చెప్పారు.

ఈ సంగతి ఇంటి యజమాని సుబ్బరాయుడికి తెలియకూడదు. బెంగళూరు హూడిలో తాతల నాటి నుంచి ఉన్న ఆ పెద్దమనిషి, పనిలేని కుర్రాళ్ళకు ఇల్లివ్వనని మొదటిరోజే చెప్పేశాడు.

లలిత్ బాల్కనీలో నిలబడి స్నేహితుడితో ఫోన్లో మాట్లాడాడు. "లేదురా చైతూ, ఇంకా బెంచ్ మీదే ఉన్నా. ఇవాళ తేలిపోద్ది."

కింద స్కూటరు కడుగుతున్న సుబ్బరాయుడు తలెత్తి చూశాడు. నల్లకోటు కనబడింది. వయసులో ఉన్నప్పుడు ఒక స్థలం తగాదాలో ఆయన కోర్టు చుట్టూ చాలా ఏళ్ళు తిరిగాడు. కేసు ఫలానా బెంచి ముందుకు వస్తుందని వకీళ్ళు చెబుతుంటే విని విని, బెంచికి ఆయన దగ్గర ఒకటే అర్థం మిగిలింది. నీళ్ళ పైపు అక్కడే పడేసి వంటింట్లోకి పరుగెత్తాడు.

"ఏమే, మన పైన ఉండే పిల్లోడు జడ్జి!"

"ఎవరు, ఆ లుంగీ అబ్బాయా?" అంది భార్య వెంకటలక్ష్మి.

"నా చెవులతో విన్నా. బెంచి మీద ఉండాడంట. ఏదో కేసు ఇవాళ తేలిపోతాదంట."

"మరి ఇన్నాళ్ళూ మనకు చెప్పలేదే?"

"జడ్జీలు చెప్పుకుంటారా? సెక్యూరిటీ!"

సుబ్బరాయుడి ఆనందానికి కారణం ఆయన పెరట్లోని మునగచెట్టు. దాని పెద్దకొమ్మ ఒకటి పక్కింటి నర్సమ్మ మిద్దె మీదికి పాకింది. కాయలన్నీ అటే కాస్తున్నాయి. వాటిని నర్సమ్మ కోసుకుంటోందని ఈయన కోపం. గొంగళి పురుగులు తన అప్పడాల మీద రాలుతున్నాయని ఆమె కోపం. ఆ కోపాలతో రెండిళ్ళ మధ్య మాటలు లేవు. ఇంట్లోనే జడ్జి ఉండగా ఇక ఆలస్యమెందుకు? గోడ మీదుగా కేకేసి నర్సమ్మను పిలిచాడు. జడ్జి అనేసరికి ఆమె కూడా చీపురు పడేసి వచ్చింది.

పైన ఇంటర్వ్యూ అప్పుడే మొదలైంది. తెరమీద మేనేజరు వరూధిని మొదటి ప్రశ్న వేస్తుండగా తలుపు తోసుకుని ముగ్గురూ లోపలికి వచ్చారు. వెంకటలక్ష్మి చేతిలో వెండి గ్లాసులో కాఫీ ఉంది. లలిత్ గాభరాగా మ్యూట్ నొక్కాననుకుని వేరే బటన్ నొక్కి, లేచి నిలబడ్డాడు. లుంగీ కెమెరాలోకి వచ్చింది.

"జడ్జి లుంగీలో ఉండాడేమప్పా?" అంది నర్సమ్మ.

"ఇంట్లో సగం డ్రెస్సు చాల్లే," అన్నాడు సుబ్బరాయుడు.

"జడ్జి ఏంటంకుల్? నేను మీటింగ్‌లో ఉన్నా!"

"మాకు తెలిసిపోయిందిలే సార్. బయట ఎవురికీ చెప్పం. ఒక్క మాట తీర్పు చెప్పండి, పోతాం."

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. మునక్కాయలు, అప్పడాలు, పురుగులు, ఎవరి తాత ఎవరిని ఏమన్నాడు, అన్నీ వచ్చాయి. వీళ్ళను ఎలాగైనా బయటికి పంపాలని లలిత్ గట్టిగా అన్నాడు. "ఆగండి! పురుగులు ఎవరింట్లో పడితే కాయలు వాళ్ళవే. ఆ మిద్దె మీది కాయలు ఆంటీవి. ఊడ్చుకునేదీ ఆంటీయే. ఆ కొమ్మ గురించి ఇంకెవరూ మాట్లాడకూడదు. అంతే!"

సుబ్బరాయుడికి తీర్పు నచ్చలేదు, అయినా జడ్జి మాట కాబట్టి తలూపాడు. నర్సమ్మ ముఖం వెలిగిపోయింది.

అంతలో లాప్‌టాప్‌లోంచి గొంతు వినబడింది. "లలిత్, మీరు బెంచ్ మీద ఎన్నాళ్ళుగా ఉన్నారు?"

"రెండు నెలలు మేడమ్," అన్నాడు లలిత్, గొడవ మొత్తం ఆవిడ విన్నదని అర్థమై నీరసంగా.

సుబ్బరాయుడు తెరకు నమస్కారం పెట్టాడు. "మేడమ్‌ది హైకోర్టా?"

వరూధిని నవ్వు ఆపుకుంటూ విడమరచి చెప్పింది. "కాదండీ. మా కంపెనీల్లో బెంచ్ అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండటం. కోర్టులో జడ్జి కూర్చునేదీ బెంచే, బళ్ళో పిల్లలు కూర్చునేదీ బెంచే. బ్యాంకు అన్న మాట కూడా ఒకప్పుడు డబ్బు మార్చేవాళ్ళు వేసుకున్న బెంచీ నుంచే పుట్టిందంటారు."

"అయితే బ్యాంకులో ఉండాడా?" అన్నాడు సుబ్బరాయుడు ఆశగా.

"కాదంకుల్," అన్నాడు లలిత్. "ఖాళీగానే ఉన్నా."

"సుమ్నే ఖాళీగా కూచోనుండేవాడివి నా మునక్కాయలు పంచినావా? ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యప్పా!"

నర్సమ్మ అడ్డొచ్చింది. "అదెట్లా? తీర్పు తీర్పే! ఆ పిల్లోణ్ణి పంపిస్తే నేను ఊరుకోను. మా ఇంట్లో రూమ్ ఇస్తా."

అద్దె పక్కింటికి పోతుందనేసరికి సుబ్బరాయుడు చల్లబడ్డాడు. వరూధిని గొంతు సవరించుకుంది. "లలిత్, మా ప్రాజెక్టులో ఇద్దరు క్లయింట్లున్నారు. పొద్దున లేస్తే ఒకరి మీద ఒకరు ఫిర్యాదు. మీరు సోమవారం చేరండి. ప్యాంటు వేసుకుని రండి."

వెంకటలక్ష్మి కాఫీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. సుబ్బరాయుడు అయిష్టంగానే శుభం అన్నాడు.

అయితే పైకి రాకముందే వెంకటలక్ష్మి గేటు దగ్గర పూలమ్మే పెద్దక్కకు జడ్జి వార్త చెప్పేసింది. అతను జడ్జి కాడన్న సవరణ మాత్రం ఆమెదాకా సరిగ్గా చేరలేదు. సోమవారం లలిత్ బ్యాగు తగిలించుకుని బయటికి రాగానే పెద్దక్క ఆపి, "ఏం తప్పు చేసినావప్పా, బెంచి మీదనుంచి దించేసి కంప్యూటర్ పనికి పంపినారంట?" అని కళ్ళు తుడుచుకుంది.

ఉద్యోగం నిలబడినందుకు ఆ వారమంతా వీధి వీధంతా లలిత్‌ను ఓదార్చింది.