బుధవారం అరటిపండు

త్రిమూర్తులు ప్రతి బుధవారం సాయంత్రం నాలుగింటి నుంచి నాలుగూ యాభై దాకా అరటిపండుగా ఉంటాడు. ప్లాస్టిక్‌ది, జానెడు పొడవు, తొడిమ దగ్గర కొంచెం ఆకుపచ్చ. మిగతా వేళల్లో మున్సిపల్ ఆఫీసులో, ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. అరపూట సెలవు కోసం పెట్టుకున్న అర్జీలో కారణం ఉన్నదున్నట్టే రాశాడు. సూపరింటెండెంటుగారు చదివి, "పండా, కాయా?" అని అడిగి, పండేనని ఖాయం చేసుకున్నాక సంతకం పెట్టారు.

ఇదంతా ధాత్రి కోసం. త్రిమూర్తులికీ హైమావతికీ ఒక్కతే కూతురు, ఆరేళ్ళది, ఒకటో తరగతి. నాలుగు నెలలుగా ఇంట్లో మాట్లాడటం మానేసింది. అలిగిందా అంటే అలగలేదు. అన్నం తింటుంది, జడ వేయించుకుంటుంది, పిలిస్తే వస్తుంది. నోరు మాత్రం విప్పదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ టీచర్" అంటుందట, రోజు మొత్తానికి ఆ రెండు మాటలే. చెవి ముక్కు గొంతు డాక్టరు నాలుక బయటపెట్టించి చూసి అన్నీ శుభ్రంగా ఉన్నాయన్నాడు. పిల్లల డాక్టరు కాసేపు పిల్లనీ ఎక్కువసేపు తండ్రినీ చూసి, ఆటచికిత్స కేంద్రానికి చీటీ రాశాడు.

తండ్రిని ఎక్కువసేపు చూడటంలో ఆ డాక్టరు తప్పేమీ లేదు. త్రిమూర్తులు చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. కాకపోతే ఏ ఫిర్యాదుకైనా ఏడు రోజుల్లో జవాబు వెళ్ళాలన్నది ఆఫీసు నియమం, ఏడు క్షణాల్లో వెళ్ళాలన్నది ఈయనగారి నియమం. ఇంట్లోనూ అంతే. "నాన్నా, కాలు..." అని పిల్ల మొదలుపెట్టేసరికి "పరిగెత్తొద్దని చెప్పానా" అనేస్తాడు. "నాన్నా, కల్లో..." అనేసరికి "టీవీ చూస్తే అలాంటివే వస్తాయి" అనేస్తాడు. జవాబులన్నీ సరైనవే. అదే వచ్చిన చిక్కు.

కేంద్రం కూరగాయల మార్కెట్టు వెనక వీధిలో, ఫొటో స్టూడియో పైన ఉంది. దాన్ని నడిపే కెజియా మేడమ్ భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, 'మొదలుపెట్టే ముందు కుటుంబాలు తెలుసుకోవలసినవి' అన్న నాలుగు పేజీల కాగితం చేతికిచ్చి, అక్కడే చదవమంది. పిల్లతో ఆడుకోవడానికి వెళ్తున్నామనే చెప్పాలి, బాగుచేయించడానికని అనకూడదు. పాత బట్టలు వేసి తీసుకురావాలి, ఇసుకా రంగులూ అంటుకుంటాయి. వారం తప్పకూడదు. మార్కులు తగ్గాయని ఆట మాన్పించకూడదు. బయటికి రాగానే ఏం ఆడావని ఆరా తీయకూడదు. మొదట్లో పిల్ల మరింత మొండికెత్తవచ్చు, గాభరా పడకూడదు. ఏడో అంశం: కుటుంబంలో ఒకరు గదిలో బొమ్మగా ఉండవలసి ఉంటుంది. నొప్పి ఉండదు. కళ్ళజోడు, వాచీ, సెల్‌ఫోను బయట పెట్టాలి.

ఏడో అంశం దగ్గర త్రిమూర్తులు ఆగలేదు. ఆయన సందేహం వేరు.

"ఎన్ని సిట్టింగులకి మాట వస్తాదండి?"

"చెప్పలేమండి," అంది కెజియా మేడమ్.

"పోనీ, ఉజ్జాయింపుగా?"

"ఉజ్జాయింపుగా కూడా చెప్పలేమండి. పాపకి మాట పోలేదు కదా, రావడానికి."

త్రిమూర్తులు బొమ్మ సంగతికి వచ్చాడు. "పోలీసు బొమ్మ ఖాళీగా ఉంటే నాకది ఇప్పించండి. లేదంటే డాక్టరు బొమ్మయినా పర్లేదు."

"అది మీరు కోరుకునేది కాదండి. పాప ఇష్టం."

"మరి అది నేనేనని పాపకి తెలుస్తాదాండి?"

"తెలుసండి. పిల్లలు తెలిసే ఆడుకుంటారు."

ఆటగదిలో ధాత్రి బొమ్మల అరలన్నీ ఒకసారి చూసింది. పోలీసుని దాటింది, పులిని దాటింది, అంబులెన్సు తలుపు తీసి చూసి మళ్ళీ మూసింది. చివరికి వంటింటి సామాన్ల బుట్టలోంచి అరటిపండు తీసి పైకెత్తి చూపించింది. త్రిమూర్తులు మొహం కందిపోయింది. చిన్నప్పుడు వీధిలో అన్నలంతా ఆయన్ని ఆటలో అరటిపండుగానే పెట్టుకునేవారు. దొంగా కాడు, పోలీసూ కాడు, అవుటైనా లెక్కలోకి రాడు. ముప్ఫై ఐదేళ్ళ తరవాత కూతురు మళ్ళీ అదే ఉద్యోగం ఇచ్చింది. కెజియా మేడమ్ రిజిస్టరులో 'నాన్న: అరటిపండు' అని రాసుకుంది.

మారడం పెద్ద విశేషమేమీ కాదు. లిఫ్టు ఆగేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అంతే. తరవాత చూపు ఉండదు, వినికిడి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి మూడు బుధవారాలు ధాత్రి ఆయన్ని బుట్టలోంచి తియ్యనే లేదు. ప్లాస్టిక్ టమాటాలకీ అరచెక్క క్యాబేజీకీ మధ్య పడి ఉన్నాడు. నాలుగోవారం గిన్నెలో వేసి ఉడకబెట్టింది. ఐదోవారం ఏనుగుకి పెడితే ఏనుగు తినలేదు. ఇన్ని జరుగుతున్నా ఆయన లోపల ఊరికే లేడు. నోరు లేకపోయినా అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాడు. ఇంటి దగ్గర ధాత్రి కంచం విసిరేసింది, కర్టెన్లు పీకేసింది. హైమావతి కంగారుపడి ఫోను చేస్తే, కెజియా మేడమ్ రెండో పేజీ చూసుకోమంది.

ఆరో బుధవారం నాలుగుంపావుకి ధాత్రి అరటిపండుని తీసి, చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో. మున్సిపల్ ఆఫీసాండి?"

ఐదు నెలలు దాటాక విన్న గొంతు అది. కాస్త బొంగురుపోయింది. త్రిమూర్తులు ప్రాణం లేచొచ్చింది.

"మా నాన్నగారున్నారాండి? బిజీనా? పర్లేదండి, మీకే చెప్తాను. మా క్లాసులో వాహిని ఎల్లిపోయిందండి. ఆళ్ళ నాన్నగారికి ట్రాన్స్‌ఫరంట. దాని పెన్సిలు నా దగ్గరుండిపోయింది. దాని మీద దాని పళ్ళగాట్లున్నాయండి."

పెన్సిలు పోస్టులో పంపించవచ్చు. ఒకరి వస్తువు మన దగ్గర పెట్టుకోకూడదు. కొత్త స్నేహితులు దొరుకుతారు. మూడు జవాబులూ త్రిమూర్తులు దగ్గర తయారుగా ఉన్నాయి, బయటికి పోయే దారే లేదు. అందుకని పిల్ల మాట ఆగలేదు.

"నేను దాంతో రాయట్లేదండి. రాస్తే చెక్కాలి కదా. చెక్కితే అయిపోద్ది కదా." అరటిపండుని రెండో చెవికి మార్చుకుంది. "మా నాన్నగారు చెక్కేశారండి. రెండేపులా. పళ్ళగాట్లు పోయినియ్యి."

ఆయనకి గుర్తొచ్చింది. ఒక ఆదివారం పిల్ల కంపాస్ బాక్సు తనిఖీ చేస్తూ, మొద్దు పెన్సిలుతో రాస్తే చేతిరాత పాడవుతుందని, బ్లేడుతో రెండువైపులా సూదిలా చెక్కాడు. పొట్టు కాగితంలోకి ఎత్తి చెత్తబుట్టలో వేశాడు. పక్కన నిలబడిన ధాత్రి "నాన్నా, అదీ..." అంది. "పర్లేదులే, థాంక్స్ చెప్పక్కర్లేదు" అన్నాడు. ఆ రోజు ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు కూడా. ఇప్పుడు గుండె తరుక్కుపోయింది, కానీ ప్లాస్టిక్‌కి ఏడవడం రాదు.

"ఉంటానండి," అంది ధాత్రి. ఈసారి బుట్టలో పడెయ్యకుండా దిండు మీద పెట్టింది.

నాలుగూ యాభైకి మనిషి కాగానే త్రిమూర్తులు కళ్ళజోడు కూడా అందుకోకుండా, "మేడమ్, నేను పాపకి క్షమాపణ చెప్పుకోవాలండి," అన్నాడు.

"తొమ్మిదో అంశమండి," అంది ఆవిడ. గదిలో విన్నది పిల్ల తనంతట తాను ఎత్తేదాకా బయట ఎత్తకూడదు.

ఆయన దారంతా ఒక్కమాట మాట్లాడలేదు. రోజూ స్కూటరు మీద సైన్‌బోర్డులన్నీ చదివించే మనిషి. మార్కెట్టు మలుపులో వెనకనుంచి "నాన్నా, చెరుకురసం" అని వినిపించింది. బండి ఆపి కొనిచ్చాడు. పిల్ల సగం గ్లాసు తాగాక గానీ, అది మాట అని ఆయనకి వెలగలేదు.

ఆ తరవాత ధాత్రి ఇంట్లో కొంచెం కొంచెంగా మాట్లాడసాగింది. హైమావతి పట్టరాని సంతోషంతో వీధిలో అందరికీ చెప్పుకుంది. పన్నెండోవారం ఒక సాయంత్రం ధాత్రి తనంతట తానే తండ్రి దగ్గరికొచ్చి, "నాన్నా, వాహిని..." అంది. ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నాడేమో, "తప్పు నాదేనమ్మా, అలాంటి పెన్సిలే కొనిస్తాను, వాళ్ళ అడ్రసు బళ్ళో కనుక్కుంటాను, వచ్చే సెలవులకి మనమే వెళ్దాం," అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. పిల్ల మూడు రోజులు నోరు విప్పలేదు. ఆమె చెప్పబోయిందేమిటో బుధవారం గదిలో తెలిసింది. "వాహిని నాకు కల్లోకొచ్చిందండి. అంతేనండి. ఇంకేం లేదు."

ఆ రోజు కెజియా మేడమ్ రిజిస్టరు మూసేసి, "పాపకి ఇక్కడ పని అయిపోయిందండి. ఇంక రానక్కర్లేదు," అంది.

"మరి నా సంగతేంటండి?"

"మీకు గృహవిధానం ఉందండి, ఇంటి దగ్గరే." సొరుగులోంచి తీసిన ఫారంలో త్రిమూర్తులు పేరు అప్పటికే రాసి ఉంది. ఆయన మొదటి పేరా చదివేలోగా హైమావతి సంతకం చేసేసింది. షరతులు ఎక్కువేమీ లేవు. ఎండలో పెట్టకూడదు, వారానికోసారి సబ్బునీళ్ళతో కడగాలి, చుట్టాలు వచ్చినప్పుడు అసలు అరటిపళ్ళ పక్కన పెట్టకూడదు.

ఇప్పుడాయన రోజూ ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఇంట్లోనే అరటిపండుగా ఉంటున్నాడు. ముందు ధాత్రి మాట్లాడుతుంది. బడి సంగతులు, పళ్ళు ఊడిన సంగతులు, ఎవరు ఎవరితో పచ్చి కొట్టి మాటలు మానేశారో అన్నీ చెప్పి, చివర్లో రోజూ "మా నాన్నగారికి చెప్పకండేం, జవాబు చెప్పేస్తారు" అని పెట్టేస్తుంది. మొదట్లో ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోవడం లేదు. జవాబులు తయారు చేసుకోవడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు. పిల్ల తరవాత హైమావతి అందుకుంటుంది. ఆమె దగ్గర పదకొండేళ్ళ సరుకుంది. మొదటి వారమంతా పెళ్ళిచూపులు దాటనే లేదు. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి కేంద్రానికి అర్జీ పెడితే ఆదివారాలు పగలంతా కూడా మంజూరయ్యాయి. త్రిమూర్తులు ఇంత సుఖంగా ఎన్నడూ లేడు.

మొన్న ఆదివారం బళ్ళో తల్లిదండ్రుల సమావేశానికి హైమావతి ధాత్రిని వెంటపెట్టుకుని వెళ్ళింది. మనిషిగా ఉన్న రోజుల్లో త్రిమూర్తులు దానికి ఒక్కసారీ వెళ్ళలేదు.

"నాన్నగారు రాలేదాండి?" అంది క్లాసు టీచరు.

"వచ్చారండి," అని హైమావతి సంచిలోంచి అరటిపండు తీసి బల్ల మీద పెట్టింది. టీచరు రిజిస్టరులో ఇద్దరూ హాజరని రాసింది.

"పాప చాలా బాగా మాట్లాడుతోందండి. మొన్న కథ కూడా చెప్పింది. ఇంట్లో కూర్చుని వినేదెవరండి?"

"వాళ్ళ నాన్నగారేనండి."

టీచరు కాసేపు అరటిపండు వంకే చూసింది. లేచి వెళ్ళి వరండాలో ఎవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఒక్క ఐదు నిమిషాలు ఇస్తారాండి?"

హైమావతి ఇచ్చింది. టీచరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరికే నిలబడింది.

"ముందు హలో అనాలి టీచర్," అంది ధాత్రి.