ఖాళీగా తిరిగిరాని గిన్నె

ఆ శుక్రవారం ఉదయం ఇక్రాముద్దీన్ పెట్టుకున్న పని చాలా మామూలుది. జుమా నమాజుకు బయల్దేరేలోపు ఇంట్లో ఉన్న తీపి మొత్తం గుమ్మం దాటించాలి. దోహాలో ఒక కంపెనీ స్టోర్ చూసుకునే మనిషి కావడంతో, సరుకు గోడౌన్ దాటితే దాని బాధ్యత తనది కాదన్నది ఆయన వృత్తిధర్మం. ఇల్లు కూడా ఒక రకం గోడౌనేనని ఆయన నమ్మకం.

దీనికంతటికీ కారణం పదకొండేళ్ల కొడుకు అద్నాన్. వాడు బొద్దుగా ఉంటే కలిగిన ఇంటి లక్షణమని తల్లిదండ్రులు ఇన్నాళ్లూ మురిసిపోతూ వచ్చారు. ఆ మురిపెం ముందురోజు పిల్లల డాక్టర్ మరీహా గదిలో ముగిసింది. ఆమెది వరంగల్ కావడంతో, దాపరికం లేకుండా తెలుగులోనే చెప్పింది.

"షుగర్ ఇంక రాలే. కానీ గడప దాకైతే వచ్చి నిలబడ్డది. విటమిన్ డి కూడా బాగా తక్కువున్నది. ఈ చుక్కలు వెయ్యుండ్రి. ఈ పీచు పౌడర్ అన్నానికి ముందట నీళ్లల్ల కలిపి తాగిపియ్యుండ్రి. అయితే ఒక్క పౌడర్‌తోని ఏం కాదు. తీపి బందుగావాలె, పిలగాడు కదలాలె. ఎండాకాలం సెలవులు అయినంక మళ్ల రక్తం చూస్తా. తగ్గకపోతే గోలీలు మొదలువెట్టుడే."

గోలీలన్న మాట ఇక్రాముద్దీన్‌కు కొత్త కాదు. బోధన్‌లో ఆయన తండ్రి ఆ గోలీలతో మొదలై ఇన్సులిన్ దాకా వెళ్లి, చివరికి ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఆ మంచం, ఆ కట్లు ఆయన కళ్లలో ఇంకా ఉన్నాయి. పదకొండేళ్లకే కొడుకు ఆ దారి పట్టకూడదని క్లినిక్ మెట్లమీదే ఒట్టు పెట్టుకున్నాడు. భయంలో ఉన్న మనిషి కనుక, డాక్టర్ చెప్పినవాటిలో చుక్కలు, పౌడర్, తీపి మాత్రమే చెవికెక్కాయి. కదలడం సంగతి పక్కన పెట్టేశాడు. జూన్ నెల ఎండలో, తాముండే అల్ మన్సూరాలో పిల్లవాడిని ఎక్కడికని కదిలిస్తాం?

ఫ్రిజ్ తెరిస్తే ఖుబానీ కా మీఠా, సేమ్యా పాయసం, బేకరీ కేకు బయటపడ్డాయి. చెత్తబుట్ట దగ్గరికి తీసుకువెళ్లేసరికి భార్య రుక్సార్ అడ్డం నిలబడింది. ఆమె మామూలుగా తెలుగు మాట్లాడుతుంది, కోపమొస్తేనే దక్కనీకి మారుతుంది.

"క్యా కర్రే జీ ఆప్? తిండి పారేస్తరా! పాపం తగుల్తది. కింద ఇండ్లకు పంపుండ్రి."

ఆ మాట ఇక్రాముద్దీన్‌కు నచ్చింది. గిన్నెలు నింపి, కొడుకు చేతికిచ్చి పంపాడు. వీళ్ల ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. రెండో అంతస్తులో హైదరాబాద్ పెద్దావిడ మెహర్ సుల్తానా, మొదటి అంతస్తులో తణుకు నుంచి వచ్చిన సుబ్బలక్ష్మి ఉంటారు. లిఫ్టు పాడై వారమైంది. ఎప్పుడు బాగవుతుందని అడిగితే, వాచ్‌మన్ ఆకాశంవైపు చూసి "బుక్రా" అంటాడు. అంటే రేపు. అది ఏ రేపో ఆయన చెప్పడు.

ఇక్రాముద్దీన్ నమాజు నుంచి తిరిగి వచ్చేసరికి ఫ్రిజ్ మళ్లీ నిండి ఉంది.

"ఇవెక్కడియి?"

"మెహర్ దాదీ డబల్ కా మీఠా పంపింది," అన్నాడు అద్నాన్ ఆయాసపడుతూ. "ఖాలీ కటోరా కైసే భేజూ బేటా, అన్నది. సుబ్బలక్ష్మి ఆంటీ సున్నుండలు వెట్టింది."

ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్న మర్యాదను ఇక్రాముద్దీన్ లెక్కలోకి తీసుకోలేదు. ఆ విషయంలో తణుకుకూ హైదరాబాద్‌కూ తేడా లేదు. పైగా సున్నుండల గిన్నెలో ఒక మూల ఖాళీగా ఉంది, అద్నాన్ పెదవి మీద మినపపిండి ఉంది.

పౌడర్ సంగతి అంతకన్నా అధ్వాన్నం. మొదటి గుక్కకే వాడు సింకు దగ్గరికి పరుగెత్తాడు.

"అబ్బా, ఇది వాల్ పుట్టీ లెక్కున్నది! నేను తాగ."

బుజ్జగించారు, బెదిరించారు, బతిమాలారు. చివరికి రుక్సార్ ఒక ఉపాయం చేసింది. చక్కెర వేయకుండా సొరకాయ ఖీర్ వండి అందులో పౌడర్ కలిపింది. అద్నాన్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మిగిలిన కుండను అనుమానంగా చూసి, అన్నం మానేస్తానని ప్రకటించాడు. కుండెడు ఖీర్ పారేస్తే మళ్లీ పాపం. అదీ కిందికే వెళ్లింది.

రెండు రోజుల తర్వాత మెహర్ సుల్తానా ఫోన్ చేసింది. ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని బాధ ఒకటి ఆ ఖీర్‌తో వదిలిందట, ఒళ్లు దూదిపింజలా ఉందట. అది పీచు చేసిన పని. పెద్దావిడ మాత్రం ఆ మహిమ రుక్సార్ చేతిదని తేల్చేసింది. సుబ్బలక్ష్మి భర్తకూ అదే అనుభవం కలిగింది. ఇక రోజూ ఖీర్ కావాలని గిన్నెలు పైకి రాసాగాయి. ఖాళీగా వస్తే మర్యాద కాదు కదా, బొబ్బట్లతో, కలాకంద్‌తో, జాంగ్రీలతో వచ్చేవి.

"పెద్దమనిషి నోరు దెరిచి అడిగితే లేదంటనా?" అని రుక్సార్ రోజూ సొరకాయ తరిగేది. కొడుకు కోసం కొన్న పౌడర్ డబ్బా కిందింటివాళ్ల కడుపుల్లోకి వెళ్లిపోయింది. ఇక్రాముద్దీన్ ఇంకో డబ్బా తెచ్చాడు. డబ్బా ఖాళీ అవుతున్న కొద్దీ కొడుకు దాన్ని ఖీర్‌లో ఎంతోకొంత తింటున్నాడనే అనుకున్నాడు. ఖీర్ ఎవరు తింటున్నారో రుక్సార్ చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆయన దృష్టంతా వచ్చే గిన్నెల మీదే ఉంది. కొడుకు కంటపడకుండా తీపిని ఆపాలి. పారేయకూడదు, వెనక్కి పంపితే వాళ్లు నొచ్చుకుంటారు. మిగిలిన దారి ఒక్కటే. గిన్నెలు తిరిగేది సాయంత్రం పూటే కనుక, డ్యూటీ నుంచి రాగానే మూడో అంతస్తు మలుపులో మెట్టుమీద కూర్చునేవాడు. అద్నాన్ గిన్నెతో ఎక్కివస్తే అందుకునేవాడు.

"ఇట్ల దే బేటా. నీకు మంచిది గాదు."

"మీకు మంచిదా అబ్బా?"

"నాకేమైతది? నేను పెద్దోణ్ణి," అంటూ కళ్లు మూసుకుని జాంగ్రీ నమిలేవాడు. నిజానికి మొదట్లో అది ఆయనకు త్యాగంలాగే అనిపించింది. వారం తిరిగేసరికి ఆ త్యాగానికి వేళ దాటితే చిరాకు పుట్టడం మొదలైంది. ఒకరోజు మెహర్ సుల్తానా బంధువుల ఇంటికి అల్ ఖోర్ వెళ్లి గిన్నె పంపకపోతే, ఆవిడ క్షేమంగా ఉందా అని రెండుసార్లు కనుక్కోమన్నాడు.

సెలవులు ముగిశాయి. వాచ్‌మన్ చెప్పిన ఆ రేపు ఇంకా రాలేదు. రక్తం ఇచ్చిన మర్నాడు తండ్రీకొడుకులు మరీహా ముందు కూర్చున్నారు. ఇక్రాముద్దీన్ గోళ్లు కొరుకుతున్నాడు. ఆమె కంప్యూటర్ చూసింది, అద్నాన్‌ను చూసింది, మళ్లీ కంప్యూటర్ చూసింది.

"షుగర్ మామూలుకొచ్చింది. విటమిన్ మంచిగైంది. నడుము కూడా తగ్గింది. గోలీలు అక్కర్లే."

ఇక్రాముద్దీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా తుడుచుకున్నాడు. "అంతా మీ పౌడర్ మహిమ డాక్టరమ్మా! డబ్బాల మీద డబ్బాలు తెచ్చిన."

"పౌడర్ ఎట్లనిపించింది అద్నాన్?" అని డాక్టర్ నవ్వుతూ అడిగింది.

"నాకు దెల్వదు. మెహర్ దాదీనడగాలె. ఆమెకు బాగ పడ్డది."

డాక్టర్ కలం కింద పెట్టింది. "మరి ఏం ఆట ఆడినవ్ సెలవులల్ల?"

"గిన్నెలు."

"అదేం ఆట?"

"పైనుంచి కిందికి ఖీర్ కొంచవోవాలె. కింది నుంచి పైకి స్వీట్లు దేవాలె. లిఫ్ట్ మాఫీ, అసలే లేదు. రోజూ ఎన్ని మార్లో లెక్కలే."

"మరి ఆ స్వీట్లు?"

అద్నాన్ తండ్రి వైపు చూశాడు. డాక్టర్ కూడా చూసింది. ఇక్రాముద్దీన్ చొక్కా గుండీలు వాటి శక్తికి మించి పనిచేస్తున్నాయి. నీళ్ల సీసా అప్పటికే రెండుసార్లు ఖాళీ చేశాడు. ఆమె ఆయన వేలు పట్టుకుని సూదితో గుచ్చింది. మర్నాడు పరగడుపున పెద్దల డాక్టర్ తీయించిన రక్తం కూడా ఆ సూది చెప్పిన మాటే చెప్పింది. షుగర్ గడప దాటి, కాళ్లు కడుక్కుని, ఇంట్లోకి వచ్చేసింది. కొడుకు మీది ప్రేమతో తిన్న జాంగ్రీకి, మామూలు జాంగ్రీకి రక్తం తేడా చూపదు.

వైద్యం కూడా ఆయనకు బాగా తెలిసిందే: గోలీలు, పీచు పౌడర్, తీపి బందు, రోజూ కదలడం.

ఆ సాయంత్రం సుబ్బలక్ష్మి గిన్నె తిరిగివ్వాల్సి వచ్చింది. అద్నాన్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "నాకు స్కూల్ వర్క్ ఉన్నది అబ్బా. డాక్టర్ కదలమన్నది మిమ్ముల."

ఇక్రాముద్దీన్ మెట్లు దిగాడు. సుబ్బలక్ష్మి తలుపు తీసింది. లోపలినుంచి కాగిన నెయ్యి వాసన గుప్పుమంది. ఆయన ప్రాణం లేచివచ్చింది.

"ఉండండి అన్నయ్యగారూ, ఖాళీ గిన్నె ఎలా పంపుతాను?" అంటూ ఆమె లోపలికి వెళ్లి, మూతపెట్టిన గిన్నె తెచ్చింది. "మీ షుగర్ సంగతీ, ఖీర్‌లో పౌడర్ సంగతీ రుక్సార్ చెప్పిందండీ. అయ్యో పాపం అనిపించింది. ఇప్పుడు ఆ పౌడర్ మేమే కొనుక్కుంటున్నాంలెండి. సొరకాయ ఖీర్ మీకోసమే చేశాను, చక్కెర చిటికెడు కూడా వెయ్యలేదు."

మలుపుమలుపుకీ ఆగి, మూత తీసి చూసి, మళ్లీ పెట్టుకుంటూ ఇక్రాముద్దీన్ పైకి ఎక్కాడు. ఆయన చేతిలో పడ్డ గిన్నె నిండుగా ఇల్లు చేరడం అదే మొదటిసారి.